ఎండిన కాలువ, ఇంజన్ క్లీనర్: థామస్ నార్మన్ జాక్సన్ మరణం వెనుక కథ

1918 సెప్టెంబర్ 27. మొదటి ప్రపంచ యుద్ధం చివరి దశ. ఉత్తర ఫ్రాన్స్‌లో గ్రాంకూర్ అనే చిన్న ఊరికి దగ్గర్లో, చుక్క నీరు లేని ఒక కాలువలోకి నలుగురు బ్రిటిష్ సైనికులు దిగారు. అవతలి గట్టున పాత ఇనుప వంతెన కింద రెండు జర్మన్ మెషిన్ గన్లు ఉన్నాయి. వాటి ధాటికి ముందు వరుసలోని ప్లటూన్ (చిన్న సైనిక దళం) అక్కడికక్కడే ఆగిపోయింది. వెనక నుంచి వచ్చినవాళ్లూ కదలలేకపోయారు. కంపెనీ కమాండర్ కెప్టెన్ సిరిల్ ఫ్రిస్బీ "నాతో ఎవరు వస్తారు?" అని అడిగినప్పుడు అందరికంటే ముందు కదిలినవాడు లాన్స్ కార్పొరల్ థామస్ నార్మన్ జాక్సన్. వయసు 21. సైన్యంలో చేరకముందు ఇంగ్లండ్‌లో గ్రేట్ సెంట్రల్ రైల్వేలో ఇంజన్లు తుడిచే క్లీనర్.

మెషిన్ గన్లు చేజిక్కాయి. దాడి ముందుకు సాగింది. ఆ పూటే, మరో కందకంలోకి మొదట దూకినవాడూ జాక్సనే. అక్కడే చనిపోయాడు. ఆ తర్వాత 45 రోజులకు యుద్ధం ముగిసింది.

జాక్సన్ గురించి ఎక్కడ వెతికినా దాదాపు ఈ మాటలే కనిపిస్తాయి. ఇవన్నీ నిజాలే. అయితే వీటితో అతని జీవితం గానీ, మరణం గానీ అర్థం కావు. యుద్ధకాలంలో రైళ్లు నడవకపోతే ఫిరంగికి గుండు అందదు, సైనికుడికి రొట్టె అందదు. అలాంటప్పుడు రైల్వేలో పని నేర్చుకుంటున్న కుర్రాణ్ణి తుపాకీ ఇచ్చి పదాతిదళంలోకి ఎందుకు పంపారు? నీళ్లు లేని కాలువ దాటడం అంత ప్రాణాంతకం ఎందుకైంది? అసలు ఆ రోజు ఆ కాలువ ఎందుకు దాటాలి? ఈ ప్రశ్నల వెంట పోతే ప్రతి దారీ మళ్లీ రైలు పట్టాల దగ్గరికే చేరుస్తుంది. జాక్సన్ మరణాన్ని కేవలం ఒక సైనికుడి సాహసగాథగా చెప్పి వదిలేయకూడదని నేననేది అందుకే. అది ఒక రైల్వే కార్మికుడి కథ కూడా.

బొగ్గు లోయలో పుట్టినవాడు

జాక్సన్ 1897 ఫిబ్రవరి 11న దక్షిణ యార్క్‌షైర్‌లోని స్వింటన్‌లో పుట్టాడు. షెఫీల్డ్, డాంకాస్టర్ పట్టణాల మధ్య డాన్ నది లోయలో ఉన్న ఊరది. చుట్టూ బొగ్గు గనులు. ఆ లోయలో రవాణాకు రెండే దారులు: ఒకటి కాలువ, రెండోది రైలు. స్వింటన్ దగ్గర రెండు కాలువలు కలుస్తాయి, వాటిలో బొగ్గు పడవలు తిరిగేవి. జాక్సన్ పుట్టే నాటికే పడవలకు కాలం చెల్లుతోంది. పెత్తనం రైలుదే. 1907లో పక్కనే ఉన్న వాత్ దగ్గర గ్రేట్ సెంట్రల్ రైల్వే ఒక పెద్ద యార్డు తెరిచింది. గనుల నుంచి వచ్చే బొగ్గు వ్యాగన్లను మిట్ట మీదికి నెట్టి, కిందికి వదిలి, ఏ ఊరివి ఆ ఊరికి వేరుచేసి కొత్త రైళ్లుగా కూర్చేవారు. ఆ రైళ్లను లాగే ఇంజన్లకు ఇల్లు మెక్స్‌బరో షెడ్. స్వింటన్ నుంచి నడిచిపోయేంత దూరం.

అక్కడే జాక్సన్ క్లీనర్‌గా పనిచేశాడు.

ఆవిరి ఇంజన్ల కాలంలో క్లీనర్ అంటే చీపురు పట్టుకుని షెడ్ ఊడ్చే మనిషి కాదు. దారి నుంచి తిరిగివచ్చిన ఇంజన్ ఒళ్లంతా మసి, బూడిద, కారిన నూనె, బొగ్గు పొడి. నూనెలో తడిపిన నూలు పీచుతో బాయిలర్ పైభాగం నుంచి చక్రాల దాకా తుడవాలి. అది తేలిక భాగం. కష్టమంతా లోపలే. రెండు చక్రాల మధ్య, బాయిలర్ కింద, ఇరుసులూ కడ్డీలూ అల్లుకుని ఉండే ఇరుకు చోటులోకి దూరి, గోకి, తుడిచి, మళ్లీ గోకి బయటికి రావాలి. ఎక్కువగా రాత్రి డ్యూటీలే, ఎందుకంటే తెల్లవారేసరికి ఇంజన్ సిద్ధంగా ఉండాలి. ఇదంతా ఇంజన్ మెరవాలని చేసింది కాదు. మసి కింద పగులు దాక్కుంటుంది. వదులైన నట్టు కనిపించదు. ఇంజన్‌ను శుభ్రంగా ఉంచడమంటే ప్రమాదాన్ని ముందుగా కనిపెట్టడం.

దీనితో పాటు క్లీనర్‌కు ఇంకొకటి దక్కేది. ఏ కడ్డీ ఏ కడ్డీని కదుపుతుందో, ఆవిరి ఎటు పోతుందో చేతులతోనే నేర్చుకునేవాడు. అదే బడి. క్లీనర్‌గా కొన్నేళ్లు, తర్వాత ఫైర్‌మన్‌గా బొగ్గు వేస్తూ ఇంకొన్నేళ్లు, అప్పుడు కూడా ఖాళీ ఉంటేనే డ్రైవర్. సీనియారిటీ లెక్కలో ఒక్కో మెట్టూ ఎక్కుతూ పైకి చేరడానికి సగం జీవితం పట్టేది. మన బిట్రగుంట, కాజీపేట షెడ్లలో బొగ్గు ఇంజన్ల మీద పనిచేసినవారి ఇళ్లలో ఈ వరస తెలియనివారు ఉండరు. క్లీనర్, ఫైర్‌మన్, షంటర్, డ్రైవర్ అనే ఆ నిచ్చెనను బ్రిటిష్ కంపెనీలు ఇక్కడికీ అలాగే తెచ్చాయి. కాకపోతే ఇక్కడ చాలాకాలం పై మెట్లు యూరోపియన్లకూ ఆంగ్లో ఇండియన్లకూ దక్కేవి. ఎంత అనుభవమున్నా భారతీయుడు కింది మెట్ల మీదే ఉండిపోయేవాడు.

జాక్సన్ మొదటి మెట్టు మీద ఉండగానే యుద్ధం వచ్చింది.

ఎవరిని పంపాలి, ఎవరిని ఉంచాలి

1914 ఆగస్టులో యుద్ధం ప్రకటించగానే బ్రిటిష్ ప్రభుత్వం రైల్వేలను తన అధీనంలోకి తీసుకుంది. కంపెనీలు ప్రైవేటువే. నడిపింది కూడా ఆ కంపెనీల జనరల్ మేనేజర్లే. అయితే వారంతా రైల్వే కార్యనిర్వాహక సంఘం పేరుతో ప్రభుత్వం తరఫున పనిచేశారు. ఆరు లక్షలకు పైగా ఉద్యోగులున్న రంగమది. సేనలు, గుర్రాలు, ఫిరంగులు, నౌకాదళానికి కావలసిన బొగ్గు అన్నీ పట్టాల మీదే కదలాలి.

మొదటి నెలల్లోనే రైల్వే కుర్రాళ్లు వేలకొద్దీ సైన్యంలో చేరిపోయారు. దాంతో అధికారులకు భయం పట్టుకుంది. ఇలాగే పోతే రైళ్లు నడిపేదెవరు? అందుకే కంపెనీ అనుమతి లేకుండా రైల్వే ఉద్యోగులను సైన్యంలో చేర్చుకోవద్దని నిబంధన తెచ్చారు. సైన్యంలో చేరకుండా ఉద్యోగంలో ఉండిపోయినవారికి బ్యాడ్జీలు ఇచ్చారు. వీధిలో నడుస్తుంటే "పిరికివాడా" అని ఎవరూ అనకుండా ఉండటానికి కూడా ఆ బ్యాడ్జీ పనికొచ్చేది. 1916 జనవరిలో నిర్బంధ సైనిక సేవ చట్టం వచ్చింది. 18 నుంచి 41 ఏళ్ల మధ్య ఉన్న అవివాహిత పురుషులు, అవసరమైన వృత్తుల్లో ఉన్నామని మినహాయింపు పొందితే తప్ప, సైన్యానికి చెందినవారే. ఆ ఫిబ్రవరిలో జాక్సన్‌కు 19 నిండాయి.

అదే ఏడాది జూలై 1న ఫ్రాన్స్‌లో సోమ్ నది దగ్గర సోమ్ యుద్ధం మొదలైంది. తొలిరోజే బ్రిటిష్ సైన్యంలో 57,470 మంది చనిపోవడమో, గాయపడటమో, గల్లంతవడమో జరిగింది. ఆ ఖాళీలు నింపాలి. ప్రతి రంగం నుంచీ మనుషుల్ని పిండడం మొదలైంది. రైల్వేలో ఎవరిని వదులుకోవచ్చు? డ్రైవర్‌ను వదులుకోలేరు, అతని స్థానంలో ఇంకొకరు తయారవడానికి పదేళ్లు పైమాటే. ఫైర్‌మన్‌ను వదులుకోవడమూ కష్టమే. సిగ్నల్ క్యాబిన్‌లో ఉన్నవాణ్ణి కదిపితే ప్రమాదం. ఇక మిగిలింది కింది మెట్టు మీద ఉన్న వయసు కుర్రాళ్లు. క్లీనర్ చేసే పనిని కొన్ని వారాల్లో మరొకరికి నేర్పవచ్చు. నిజంగానే నేర్పారు. యుద్ధానికి ముందు బ్రిటిష్ రైల్వేల్లో 13 వేల మంది దాకా ఉన్న మహిళా ఉద్యోగులు యుద్ధం ముగిసేనాటికి 70 వేలకు దగ్గరయ్యారు. తలకు గుడ్డ కట్టుకుని ఇంజన్ల మీదికెక్కి తుడిచిన క్లీనర్లు కూడా వారిలో ఉన్నారు.

వీరుల కథలు రాసేవారు ఎక్కువగా దాటిపోయే విషయం ఇదే. ఎవరు చనిపోవాలన్నది యుద్ధరంగంలో మాత్రమే తేలలేదు. కొంత భాగం షెడ్‌లోని సీనియారిటీ పట్టికలోనే తేలింది. పదేళ్లు ముందు పుట్టి ఫైర్‌మన్ అయి ఉంటే జాక్సన్ మెక్స్‌బరోలోనే ఉండిపోయే అవకాశం చాలా ఎక్కువ. అతని ధైర్యాన్ని ఇది ఇసుమంతైనా తగ్గించదు. ఆ ధైర్యం చూపాల్సిన చోటికి అతణ్ణి చేర్చిన దారి ఏదో చెబుతుంది, అంతే. మొత్తం మీద యుద్ధకాలంలో 1,84,475 మంది రైల్వే ఉద్యోగులు సైన్యంలో చేరారు. సైన్యంలో చేరే వయసున్న రైల్వే పురుషుల్లో అది దాదాపు సగం.

ఇంజన్లు ఒక దారిలో, మనిషి మరో దారిలో

ఇంకో చిక్కుముడి ఉంది. సరిగ్గా అదే కాలంలో ఫ్రాన్స్‌లోని బ్రిటిష్ సైన్యానికి రైల్వే మనుషులు అత్యవసరమయ్యారు. సోమ్ యుద్ధం సాగుతుండగా రేవుల్లో సరుకు కుప్పలు పడిపోయింది. ఫ్రెంచ్ రైల్వేలు అంత బరువు మోయలేకపోయాయి. గుర్రపు బండ్లూ లారీలూ బురదలో కూరుకుపోయాయి. 1916 చివరలో ఆ చిక్కు విప్పే బాధ్యతను నార్త్ ఈస్టర్న్ రైల్వేకు చెందిన ఎరిక్ గెడ్డెస్‌కు అప్పగించారు. సైనికుడు కాని మనిషికి మేజర్ జనరల్ హోదా ఇచ్చి మరీ. గెడ్డెస్ యువకుడిగా ఉన్నప్పుడు మన దేశంలో రోహిల్‌ఖండ్ కుమావున్ రైల్వేలో పనిచేసిన మనిషి. ఆ పై ఏడాది లండన్‌లో సైనిక రవాణా కదలికల బాధ్యతను సర్ సామ్ ఫే చేపట్టాడు. ఆయన ఎవరంటే జాక్సన్ పనిచేసిన గ్రేట్ సెంట్రల్ రైల్వేకు జనరల్ మేనేజర్.

అంతకంటే ఆసక్తికరమైనది ఇంజన్ల సంగతి. సైన్యం తన రైల్వే విభాగం కోసం ఒకే నమూనాలో వందల ఇంజన్లు కావాలనుకుంది. ఎంచుకున్న నమూనా గ్రేట్ సెంట్రల్‌దే. ఆ కంపెనీ ఇంజనీర్ జాన్ రాబిన్సన్ 1911లో బరువైన బొగ్గు రైళ్ల కోసం రూపొందించిన ఎనిమిది చోదక చక్రాల సరుకు ఇంజన్. సైన్యం కోసం అలాంటివి 521 తయారయ్యాయి. డాన్ లోయ బొగ్గు కోసం పుట్టిన యంత్రం ఫ్రాన్స్‌లో ఫిరంగి గుళ్లు మోసింది. ఆ కంపెనీ షెడ్‌లో పని నేర్చుకుంటున్న మనిషి మాత్రం కోల్డ్‌స్ట్రీమ్ గార్డ్స్ పదాతిదళంలో చేరాడు.

ఇందులో పొరపాటు ఎవరిదని వెతకడం దండగ. సైనిక రైల్వే విభాగానికి కావలసింది అనుభవమున్న డ్రైవర్లు, ఫైర్‌మన్లు, పట్టాలు వేసేవారు. పదాతిదళానికి కావలసింది యువకులు, బలమున్నవారు, ఎంతమందైనా. రాత్రంతా ఇరుకులో దూరి పనిచేసిన 20 ఏళ్ల క్లీనర్‌ను ఏ పక్క లెక్కవేస్తారో ఊహించడం కష్టం కాదు. మన రైల్వేలూ ఆ యుద్ధం బరువు మోశాయి. పట్టాలు ఊడదీసి, ఇంజన్లు ఓడలకెక్కించి, సిబ్బందితో సహా మెసొపొటేమియాకూ తూర్పు ఆఫ్రికాకూ పంపారు. యుద్ధం రైల్వేను ముక్కలుగా విడదీసి, ఏ ముక్క ఎక్కడ పనికొస్తుందో అక్కడికి తరలించింది.

కోల్డ్‌స్ట్రీమ్ గార్డ్స్ 1650లో పుట్టిన రెజిమెంట్. బ్రిటిష్ క్రమబద్ధ సైన్యంలో ఎక్కడా తెగకుండా కొనసాగుతున్నవాటిలో అతి పాతది. 1915 నుంచి గార్డ్స్ రెజిమెంట్లన్నీ కలిసి ప్రత్యేకంగా గార్డ్స్ డివిజన్‌గా పోరాడాయి. జాక్సన్ ఉన్నది అందులోని మొదటి బెటాలియన్‌లో. లాన్స్ కార్పొరల్ అంటే చిన్న హోదా. అధికారం కొద్దిగా, బాధ్యత బోలెడు. పక్కనున్న కొద్దిమంది తననే చూస్తుంటారు.

నీళ్లు లేని కాలువ

జాక్సన్ దాటిన ఆ కాలువ పేరు కెనాల్ దు నోర్. దాని తవ్వకం యుద్ధానికి కొన్నేళ్ల ముందే మొదలైంది. 1914లో యుద్ధం రావడంతో పని ఆగిపోయింది. మళ్లీ పూర్తయింది 1965లో. అంటే 1918 నాటికి అది సగం కట్టి వదిలేసిన కాలువ. కొన్నిచోట్ల నీళ్లు, కొన్నిచోట్ల బురద, మరికొన్నిచోట్ల ఒట్టి గొయ్యి. వెడల్పు సుమారు 40 మీటర్లు. నిటారైన గట్లు. హిండెన్‌బర్గ్ రక్షణ వ్యవస్థలో భాగంగా జర్మన్ సైన్యానికి అది తవ్వకుండా దొరికిన కందకం.

నీళ్లు లేకపోవడం దాటేవాడికి మేలు కదా అనిపిస్తుంది. సగమే మేలు. పడవలూ వంతెనలూ అక్కర్లేదు, నిజమే. కానీ దిగడానికి గట్టు మీద నిలబడాలి, ఆకాశం నేపథ్యంలో మనిషి స్పష్టంగా కనిపిస్తాడు. దిగాక దాక్కోవడానికి చెట్టు లేదు, గుట్ట లేదు. అటు ఎక్కడానికి మళ్లీ గోడలాంటి గట్టు. కాలువ పొడవునా కాల్చగలిగే చోట ఒక మెషిన్ గన్ పెడితే చాలు, ఆ గొయ్యి మొత్తం దాని గురిలో ఉంటుంది. జర్మన్లు చేసింది అదే. దెమికూర్ నుంచి గ్రాంకూర్ పోయే రోడ్డు కాలువను దాటేచోట పాత ఇనుప వంతెన ఉంది. దాని కింద, అవతలి గట్టున, మెషిన్ గన్లు పెట్టారు. పైన ఇనుము ఉంది కాబట్టి ఫిరంగుల దాడి నుంచి కొంత రక్షణ కూడా.

ఆ నేల బ్రిటిష్ సైన్యానికి కొత్తది కాదు. 1917 నవంబర్ 20న, ట్యాంకులతో జరిగిన కాంబ్రే దాడిలో, ఇదే గ్రాంకూర్‌ను జాక్సన్ సొంత ప్రాంతమైన యార్క్‌షైర్ వెస్ట్ రైడింగ్ డివిజన్ గెలుచుకుంది. కొద్ది వారాల్లోనే జర్మన్ల ఎదురుదాడితో వదిలేయాల్సి వచ్చింది. ఏడాది తిరగకుండానే అదే ఊరి కోసం మళ్లీ మనుషులు చావాల్సి వచ్చింది.

మరి 1918 సెప్టెంబర్ 27నే ఎందుకు? మిత్రపక్షాల సేనాధిపతి ఫోష్ నాలుగు రోజుల్లో నాలుగు దెబ్బలు కొట్టాలని నిర్ణయించాడు. 26న అమెరికన్లు, ఫ్రెంచివారు మ్యూజ్, ఆర్గాన్ ప్రాంతంలో. 27న బ్రిటిష్, కెనడియన్ సేనలు కాంబ్రే దిక్కుగా. 28న ఫ్లాండర్స్‌లో. 29న సెంట్ క్వెంటిన్ కాలువ దగ్గర. ఒకచోటి జర్మన్ బలగాలను మరోచోటికి తరలించే వ్యవధి ఇవ్వకూడదన్నది ఎత్తుగడ. అప్పట్లో బలగాలను తరలించడమంటే రైల్లో ఎక్కించడమే. యుద్ధరంగం వెనక జర్మన్లకు ఒక పొడవాటి రైలు మార్గం ఉండేది. దానికి ప్రాణం లాంటి జంక్షన్లు ఓల్న్వా, మెజియేర్. అమెరికన్ల దాడి మెజియేర్ వైపు, బ్రిటిష్ దాడి కాంబ్రే మీదుగా ఓల్న్వా, మొబ్యూజ్ వైపు. ఆ జంక్షన్లు పోతే లక్షల సైన్యానికి తిండీ లేదు, మందుగుండూ లేదు, వెనక్కి పోయే దారీ లేదు.

మెక్స్‌బరో షెడ్ నుంచి వచ్చిన క్లీనర్ చివరకు ప్రాణాలిచ్చిన దాడి అంతిమ లక్ష్యం ఒక రైల్వే జంక్షన్. నాకు ఈ కథలో అన్నిటికంటే గట్టిగా తాకే విషయం ఇదే. ఆ ఉదయం కాలువ గట్టున పడుకుని ఉన్న సైనికుడికి ఈ పటం ఎవరూ చూపించి ఉండరు. అతనికి కనిపించింది ఒక ఇనుప వంతెన, దాని కింద మంట.

ఆ ఉదయం

దాడి మొదలైంది ఇంకా వెలుగు రాకముందే, 5 గంటల 20 నిమిషాలకు. ఫ్రిస్బీ కంపెనీకి ఇచ్చిన పని రోడ్డు దగ్గర కాలువ దాటే చోటును పట్టుకోవడం. తర్వాత ఫ్రిస్బీకి దక్కిన పతకం తాలూకు ప్రశంసాపత్రం చెప్పేదాని ప్రకారం, కాలువ దగ్గరికి చేరగానే ముందున్న ప్లటూన్ మీద వంతెన కింది నుంచి మెషిన్ గన్ల కాల్పులు విరుచుకుపడ్డాయి. వెనక నుంచి వరుస తర్వాత వరుస వచ్చినా అడుగు ముందుకు పడలేదు. ఆ గన్లు ఆగకపోతే ఆ ప్రాంతంలో దాడి మొత్తం విఫలమవుతుందని ఫ్రిస్బీకి అర్థమైంది. తనతో రావడానికి మనుషుల్ని అడిగాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. మెషిన్ గన్ నిమిషానికి 400కు పైగా గుళ్లు వదులుతుంది. నిలబడితే చనిపోతాం. వెనక్కి పాకితే బహుశా బతుకుతాం. పడుకుని ఉంటే ఎవరూ తప్పుపట్టరు, ఎందుకంటే అందరూ పడుకునే ఉన్నారు. జాక్సన్ మొదట లేచాడు. మరో ఇద్దరు కలిశారు. కెప్టెన్‌తో కలిపి నలుగురు గట్టు దిగి, కాలువ దాటి, గన్ల మీద పడ్డారు. రెండు మెషిన్ గన్లు, 12 మంది జర్మన్ సైనికులు పట్టుబడ్డారు. బయొనెట్ (తుపాకీ మొనకు బిగించే కత్తి) పోటుకు ఫ్రిస్బీ కాలికి గాయమైంది. అయినా విధుల్లోనే ఉన్నాడు. ఆగిన కంపెనీలు కదిలాయి.

జాక్సన్ అక్కడితో ఆగి ఉంటే కూడా ఆ రోజుకు చేయాల్సింది చేసినట్టే. కానీ పదాతిదళంలో ఒక పని ముగియగానే ఇంకోటి ఎదురుచూస్తుంటుంది. ఆ ఉదయమే కొంతసేపటికి అతని ప్లటూన్ ఒక జర్మన్ కందకాన్ని ఖాళీ చేయాల్సి వచ్చింది. కందకంలోకి మొదట దూకేవాడికి లోపల ఎంతమంది ఉన్నారో, ఏ మలుపు వెనక ఎవరున్నారో తెలియదు. మళ్లీ అతనే మొదట దూకాడు. కొంత పోరాడాక చనిపోయాడు. జాక్సన్ ప్రశంసాపత్రంలో ఆ మరణానికి దక్కింది "దురదృష్టవశాత్తు చనిపోయాడు" అన్న ముక్తసరి మాట మాత్రమే.

ఆ రోజు సాహసానికి ఫ్రిస్బీకీ జాక్సన్‌కూ బ్రిటన్ అత్యున్నత సాహస పతకమైన విక్టోరియా క్రాస్ దక్కింది. ఆ రోజు గార్డ్స్ డివిజన్‌కు దక్కిన విక్టోరియా క్రాస్‌లలో ఇంకొకటి గ్రెనేడియర్ గార్డ్స్ బెటాలియన్ కమాండర్ లార్డ్ గోర్ట్‌ది. 1940లో ఫ్రాన్స్‌లో బ్రిటిష్ సేనలకు నాయకత్వం వహించింది ఆయనే. ఫ్రిస్బీ 1961 దాకా బతికాడు. గార్డ్స్ డివిజన్ నవంబర్ 9న మొబ్యూజ్ చేరింది. రెండు రోజులకు తుపాకులు ఆగిపోయాయి.

పతకం, సమాధి, రాతి మీద పేర్లు

నవంబర్ 27న, అంటే సరిగ్గా రెండు నెలలకు, ఫ్రిస్బీకీ జాక్సన్‌కూ విక్టోరియా క్రాస్ ఇస్తున్నట్టు బ్రిటిష్ ప్రభుత్వ అధికారిక పత్రిక లండన్ గెజెట్‌లో వచ్చింది. ఈ పతకాన్ని మొదట్లో మరణానంతరం ఇచ్చేవారు కాదు. చేసిన సాహసానికి బతికి ఉంటేనే గుర్తింపు. 20వ శతాబ్దం మొదట్లో ఆ పద్ధతి మారింది, 1920లో నిబంధనల్లో స్పష్టంగా చేర్చారు. ఆ మార్పు రాకుంటే జాక్సన్ పేరు ఈ రోజు మనకు తెలిసే అవకాశమే లేదు. ఆ పతకాన్ని అతని తల్లిదండ్రులు రాజు ఐదవ జార్జ్ చేతుల మీదుగా అందుకున్నారు.

జాక్సన్ సమాధి గ్రాంకూర్ దగ్గరే, శాండర్స్ కీప్ సైనిక శ్మశానంలో ఉంది. శాండర్స్ కీప్ అదే రోజు స్కాట్స్ గార్డ్స్ స్వాధీనం చేసుకున్న ఒక జర్మన్ స్థావరం. ఆ పోరు ముగియగానే గార్డ్స్ డివిజన్ అక్కడే తన మృతులను పూడ్చిపెట్టింది. వారి పక్కనే జర్మన్ సైనికుల సమాధులూ ఉన్నాయి.

రైల్వే తన మనుషుల్ని ఎలా గుర్తుపెట్టుకుందన్నది వేరే కథ, దాన్ని మెచ్చుకోవాలి. 1919 మే 14న లండన్‌లోని సెంట్ పాల్ కెథడ్రల్‌లో రైల్వే మృతుల కోసం ప్రత్యేక ప్రార్థన జరిగింది. రాజు హాజరయ్యారు. అప్పటికి లెక్కతేలిన మృతులు 18,957 మంది. తర్వాత ఆ సంఖ్య 20 వేలు దాటింది. గ్రేట్ సెంట్రల్ కంపెనీ షెఫీల్డ్‌లోని విక్టోరియా స్టేషన్ దగ్గర స్మారకం కట్టింది. 1922 ఆగస్టులో దాన్ని ఆవిష్కరించింది పశ్చిమ రంగంలో బ్రిటిష్ సేనాధిపతిగా ఉన్న హేగ్. అందులో 1,304 పేర్లున్నాయి. 1920లో తయారైన ఒక ఎక్స్‌ప్రెస్ ఇంజన్‌కు ఆ కంపెనీ "శౌర్యం" అనే అర్థం వచ్చే పేరుపెట్టి, యుద్ధంలో ప్రాణాలిచ్చిన తమ ఉద్యోగుల జ్ఞాపకార్థమని దాని పలక మీదే రాయించింది. స్టేషన్‌లో నిలబడినవాడికి రాజుల పేర్లు, ప్రభువుల పేర్లు మోసుకుంటూ వచ్చే ఇంజన్ల మధ్య కూలీల, క్లీనర్ల, పోర్టర్ల జ్ఞాపకం మోసే ఇంజన్ కనిపించడం ఆ కాలానికి చిన్న విషయం కాదు.

అయినా ఒక వెలితి ఉంది. జాక్సన్ కథను నాలుగు వాక్యాలకు కుదించేవారు అతన్ని ఒంటరి వీరుడిగా నిలబెడతారు. రికార్డులు అలా చెప్పవు. ఫ్రిస్బీ ప్రశంసాపత్రం "మరో ముగ్గురు సైనికులతో" అంటుంది. జాక్సన్ ప్రశంసాపత్రం "ఇద్దరు సహచరులతో" అంటుంది. రెండు పత్రాలను పక్కపక్కన పెట్టి చదివితే గానీ లెక్క తేలదు: ఆ గట్టు దిగింది నలుగురు. విక్టోరియా క్రాస్ దక్కింది ఇద్దరికి. అదే కాలువ, అవే గుళ్లు, అంతే ధైర్యం. మిగిలిన ఇద్దరి పేర్లు ఈ రెండు పత్రాల్లోనూ లేవు.